థాయ్ టీకి ప్యాకెట్టా, ఇంట్లో ఉన్న టీ పొడా: ఏది మేలు?

చిక్కటి డికాషన్‌లో డబ్బా పాలు కలిపి ఐస్ మీద పోసి ఇచ్చే థాయ్ ఐస్ టీ ఇంట్లో చేసుకోవాలంటే థాయ్ టీ పొడి అమ్మే ఆ ఎర్ర ప్యాకెట్ కొనాల్సిందేనా, మన టీ పొడితో కుదరదా? నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఇది. బ్యాంకాక్ వెళ్లొచ్చినవాళ్లు అడిగారు, అమెరికాలో థాయ్ రెస్టారెంట్లకు అలవాటుపడ్డవాళ్లు అడిగారు, ఎప్పుడూ తాగకపోయినా వీడియోల్లో ఆ నారింజ రంగు చూసి ముచ్చటపడ్డవాళ్లూ అడిగారు. నేను రెండు రకాలుగానూ చేస్తుంటాను. రెండిటికీ దేని దారి దానిదే.

ముందు ప్యాకెట్ సంగతి. ఎక్కువమంది అడిగేది చా త్రా మ్యూ బ్రాండ్ గురించే. 1945 నుంచి ఉన్న థాయ్ కంపెనీ, ప్యాకెట్ మీద బొటనవేలు పైకెత్తిన చెయ్యి బొమ్మ ఉంటుంది. థాయ్‌లాండ్‌లో బండి దగ్గర ‘చా యెన్’ (చల్లటి టీ) అని అడిగి తాగిన రుచే కావాలంటే ఇది కొనండి, ఇక ఆలోచించే పని లేదు. వెనిలాకు దగ్గరగా ఉండే ఆ తియ్యటి వాసన, ఆ రంగు వేరే దారిలో రావు. రెండూ ఆకులోంచి వచ్చినవి కావు కాబట్టే రావు. ప్యాకెట్ వెనక పదార్థాలు చదివితే టీతో పాటు చక్కెర, ఫ్లేవర్, సన్‌సెట్ ఎల్లో రంగు కనిపిస్తాయి. ఈ రంగు కలిపిన ఆహారం ప్యాకెట్ల మీద, పిల్లల చురుకుదనంపై, ఏకాగ్రతపై చెడు ప్రభావం ఉండొచ్చన్న హెచ్చరిక వేయాలని యూరప్‌లో 2010 నుంచి నిబంధన ఉంది. మన దేశంలోనైతే టీ పొడిలో రంగే కలపకూడదు. ఎప్పుడో ఒక గ్లాసు తాగే పెద్దవాళ్లు దీనికి టెన్షన్ పడక్కర్లేదు. వేసవి అంతా రోజూ చేసుకుందాం, పిల్లలకీ ఇద్దాం అనుకునేవాళ్లు మాత్రం ఇది తెలుసుకుని కొనాలి.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది రంగూ కాదు, వాసనా కాదు. ఐస్ కరిగి, పాలు కలిశాక కూడా గ్లాసులో టీ రుచి మిగులుతుందా లేదా అన్నదే. ఇంట్లో చేసిన థాయ్ టీ చాలాసార్లు తియ్యటి పాల నీళ్లలా ఉండటానికి కారణం ఇదే. లెక్క చూడండి. 85 డిగ్రీల వేడి మీదున్న 150 మిల్లీలీటర్ల డికాషన్‌ను నేరుగా ఐస్ మీద పోస్తే, అది పూర్తిగా చల్లబడేసరికి దాదాపు 160 గ్రాముల ఐస్ కరుగుతుంది. అంటే డికాషన్ ఎంతో దానికి మించి నీళ్లు కలిసినట్టు. అదే డికాషన్‌ను 30 డిగ్రీల దాకా చల్లారనిచ్చి పోస్తే కరిగేది 55 గ్రాములే. కాబట్టి ఏ పొడి వాడినా చల్లార్చడం తప్పదు. చల్లార్చినా ఆ 55 గ్రాముల నీళ్లనూ, చిక్కటి పాలనూ తట్టుకునేంత పట్టు డికాషన్‌కు ఉండాలి.

ఇక్కడే మన టీ పొడి గెలుస్తుంది. మనం రోజూ వాడే గుళికల పొడి సీటీసీ పద్ధతిలో చేసింది. ఆకును నలిపి, చింపి, చుట్టేస్తారు కాబట్టి వేడి నీళ్లు తగలగానే సారం దిగిపోతుంది. పాలు పోసుకుని తాగే టీకి కావాల్సిన బలం దానికి ఉంది. ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్ రాయ్ వైపు కొండల్లోనూ అస్సాం రకం టీ మొక్కలు పెంచుతారు, అందువల్ల మన పొడి ఈ టీకి మరీ పరాయిదేం కాదు. ప్యాకెట్ పొడితో ఒక గ్లాసుకు మూడు టేబుల్ స్పూన్లు వేసినా డికాషన్ పలచగానే అనిపిస్తుంది నాకు. మన పొడి ఒక టేబుల్ స్పూన్ నిండుగా వేస్తే చాలు, ఐస్ కరిగాక కూడా నాలుకకు టీ తగులుతుంది.

అయితే మన పొడిని మనకు అలవాటైనట్టు చేస్తే ఇది పాడవుతుంది. పొయ్యి మీద తెర్లనివ్వకూడదు. చల్లటి పానీయంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది, దాంతో వగరు పైకి తేలుతుంది. వేడివేడిగా తాగినప్పుడు బాగున్న డికాషనే ఐస్‌లో చేదనిపిస్తుంది. 150 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, పొయ్యి ఆపేసి, పొడి వేసి, మూత పెట్టి నాలుగైదు నిమిషాలు ఉంచండి. పలుచని నూలు గుడ్డలో వడకట్టండి. థాయ్ బండ్ల మీద పొడుగు పిడి ఉన్న గుడ్డ సంచి వాడతారు, మన టీ కొట్లలో వాడే సంచి లాంటిదే. గుడ్డను గట్టిగా పిండొద్దు, పిండితే వగరంతా కిందికి దిగుతుంది. డికాషన్ వేడిగా ఉన్నప్పుడే రెండు టేబుల్ స్పూన్ల కండెన్స్‌డ్ మిల్క్ కలిపేయాలి. చల్లారాక వేస్తే అడుగున ముద్దగా కూర్చుంటుంది.

వాసన కోసం పొడితో పాటే అనాస పువ్వులోంచి ఒక రెక్క, దంచిన ఏలక్కాయ ఒకటి వేసి, వడకట్టాక రెండు చుక్కల వెనిలా ఎసెన్స్ కలుపుతాను. అంతకు మించి వద్దు. దాల్చినచెక్క, లవంగం, అల్లం దాకా పోతే చల్లారిన మసాలా టీ అవుతుంది తప్ప థాయ్ టీ కాదు. రంగు కోసం పసుపు, కుంకుమపువ్వు వేయమని చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాట వినకండి. మన పొడితో వచ్చేది ఇటుక రంగు. అది బాగానే ఉంటుంది.

ఇక పాలు. పొడి గురించి అడిగినంతగా పాల గురించి ఎవరూ అడగరు గానీ, సగం రుచి ఇక్కడే ఉంది. థాయ్‌లాండ్‌లో రెండు రకాల డబ్బా పాలు వాడతారు. తీపికి కండెన్స్‌డ్ మిల్క్, చివర్లో పైన పోయడానికి తీపి లేని ఎవాపొరేటెడ్ మిల్క్. మొదటిది మనకు మిల్క్‌మెయిడ్, అమూల్ మిఠాయి మేట్ రూపంలో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. అందులో దాదాపు 45 శాతం చక్కెరే, రెండు స్పూన్లు వేశాక మళ్లీ చక్కెర వేయాలంటే చూసుకుని వేయండి. రెండోది గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు రెయిన్‌బో, అమెరికాలో ఉన్నవాళ్లకు కార్నేషన్ పేరుతో బాగా తెలుసు. ఆంధ్ర, తెలంగాణల్లో దాని కోసం పెద్ద సూపర్ మార్కెట్లు వెతకాలి. వెతకనక్కర్లేదని నా అభిప్రాయం.

ఎవాపొరేటెడ్ మిల్క్ అంటే నీళ్లు ఇంకించిన పాలు, అంతే. అమెరికా ప్రమాణం ప్రకారం అందులో పాల ఘనపదార్థాలు కనీసం 23 శాతం ఉండాలి. మన ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలలో కొవ్వు 6, మిగతా ఘనపదార్థాలు 9, మొత్తం 15 శాతం ఉంటాయి. అంటే లీటరు ఫుల్ క్రీమ్ పాలను 650 మిల్లీలీటర్లకు మరిగిస్తే అదే చిక్కదనం వచ్చేస్తుంది. టోన్డ్ పాలైతే మొత్తం పదకొండున్నర శాతమే, అందుకని సగానికి మరిగించాలి. హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ చేసేవాళ్లు చేసేదీ ఇదే కదా. పాలు విడిగా మరిగి చిక్కబడతాయి, డికాషన్ విడిగా దమ్ మీద ఉంటుంది, రెండూ కప్పులోనే కలుస్తాయి. ఆ పాలు చల్లారాక థాయ్ టీ మీద మూడు టేబుల్ స్పూన్లు పోసి చూడండి. డబ్బా పాలలో ఉండే ఉడికిన వాసన లేకుండా, మీగడ కమ్మదనంతో ఉంటుంది. నిజం చెప్పాలంటే డబ్బా కంటే నాకు ఇదే బాగుంటుంది. వెన్న శాతం ఎక్కువ కాబట్టి గ్లాసులో మెల్లగా కిందికి జారుతూ చారలు కూడా బాగా కడుతుంది. మరిగేటప్పుడు గరిటెతో కలుపుతూ ఉండండి, తొరక కడితే తీసేయండి. ఆ ముక్కలు స్ట్రాలో అడ్డం పడతాయి.

మరిగించే తీరిక లేకపోతే ఫ్రెష్ క్రీమ్, మామూలు పాలు చెరి సగం కలిపి పోయొచ్చు. పచ్చిగా, కొంచెం జిడ్డుగా ఉంటుంది గానీ పని నడుస్తుంది. పాలు పడనివాళ్లు పైన పోయడానికి చిక్కటి కొబ్బరి పాలు వాడుకోవచ్చు. కండెన్స్‌డ్ మిల్క్ బదులు చక్కెర సరిపోతుంది. థాయ్ టీ త్రీ ఇన్ వన్ సాచెట్లూ దొరుకుతాయి గానీ వాటిలో తీపి, పాల పొడి ముందే కలిపేసి ఉంటాయి, మన చేతిలో ఏమీ ఉండదు. ప్రయాణాలకు తప్ప నేను కొనను. టీ బ్యాగులు ఈ పనికి అసలు చాలవు.

ఇంతకీ ఏది కొనాలి? థాయ్‌లాండ్‌లో తాగినదే గుర్తుకు రావాలి, లేదా ఇంటికొచ్చినవాళ్లకు ఆ రంగు చూపించాలి అంటే ప్యాకెట్ కొనండి. 400 గ్రాముల ప్యాకెట్ చాలా రోజులు వస్తుంది. తెరిచాక వాసన త్వరగా పోతుంది కాబట్టి బిగుతు మూత ఉన్న డబ్బాలో పోసుకోండి. గ్లాసుకు నీళ్లు 150 మిల్లీలీటర్లు మించకుండా, పొడి మూడు టేబుల్ స్పూన్లకు తగ్గకుండా చేయండి. ఎండాకాలం మధ్యాహ్నాలు మామూలుగా చేసుకోవడానికైతే మన టీ పొడి, ఇంట్లో మరిగించిన పాలు. నా ఓటు దీనికే. ఖర్చు తక్కువన్నది ఒక కారణం, గ్లాసు అడుగు దాకా టీ రుచి ఉండటం అంతకంటే పెద్ద కారణం.

పదిమందికి చేయాల్సి వస్తే డికాషన్ ముందు రోజే కాచి, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి, ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పాలు కలపని డికాషన్ ఫ్రిజ్‌లో మసకబారుతుంది, పాడైందని పారబోయకండి. టీలోని వగరు పదార్థాలు, కెఫీన్ చల్లదనానికి ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల అలా అవుతుంది. కొంచెం డికాషన్‌ను ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి, మామూలు ఐస్‌తో సగం సగం వేస్తే చివరి గుటక కూడా పలచబడదు. పైన పోసే పాలు మాత్రం గ్లాసు చేతికిచ్చే ముందే పోయండి.