భీమవరంలో మా వాడుంటున్న బాయ్స్ హాస్టల్: గదులు అంతంతమాత్రం, వార్డెన్ మాత్రం బంగారం

మా వాడు ఇంజినీరింగ్ ఫస్టియర్ అంతా ఈ హాస్టల్లోనే ఉన్నాడు. ముందు మామూలు సంగతులు చెప్పేస్తా. గదులు ఇరుకు, వానాకాలం బట్టలు ఆరవు, టిఫిన్ పర్లేదు, రాత్రి సాంబారు నీళ్లలా ఉంటుంది. వీటికైతే మూడు స్టార్లే. మిగతా రెండూ వార్డెన్ గారికి.

మన పిల్లలు ఇంటర్ రెండేళ్లూ గేటు దాటకుండా చదివి, ఎంసెట్ రాసి, ఒక్కసారిగా వచ్చి ఇక్కడ పడతారు. చేతిలో ఫోన్‌పే, బండి ఉన్న ఫ్రెండు, ఆపైన ఫ్రెషర్స్ పార్టీ. మన రాష్ట్రంలో 21 నిండనివాళ్లకి మందు అమ్మకూడదు, కానీ బెల్టు షాపులో వయసెవడు అడుగుతాడు? అలవాటు లేని ఒంట్లోకి పందెం కట్టి గబగబా పోసుకుంటారు, ప్రమాదమంతా అక్కడే.

చేర్పించిన రోజు వార్డెన్ గారు తల్లిదండ్రులందర్నీ కూర్చోబెట్టి ఒక ఖాళీ క్వార్టర్ సీసా చూపించారు. 180 మి.లీ., 42.8 శాతం, అంటే అందులో అసలు ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. ఒక్క పూటలో అతిగా తాగడం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కేసేది ఆ 60 గ్రాముల నుంచే. "క్వార్టరేగా అంటారండి పిల్లలు, అది ఒంట్లోంచి పోవాలంటే తెల్లారిపోద్ది" అన్నారు.

ప్రతి గది తలుపు వెనకా ఒక కాగితం ఉంటుంది. తాగి పడిపోయినవాణ్ని వెల్లకిలా ఉంచొద్దు, వాంతి గొంతుకి అడ్డం పడుతుంది, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఒంటరిగా వదలొద్దు. మజ్జిగ, కాఫీ, చన్నీళ్లు పనిచెయ్యవు. లేపినా లేవకపోయినా, ఊపిరి ఆగాగి తీస్తున్నా 108కి ఫోన్ చెయ్యండి. కింద పెద్దక్షరాలతో: చెప్పినవాడి మీద ఏ చర్యా ఉండదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ లైనే. మా చుట్టాలబ్బాయి ఉన్న ఇంకో హాస్టల్లో తాగినట్టు తెలిస్తే సామాన్లు బయట పడేస్తారు, ఆ భయానికి పిల్లలు స్పృహ లేనివాణ్ని కూడా దుప్పటి కప్పి దాచేస్తారంట. ఇక్కడ ఫ్రెషర్స్ రోజున ఒక కుర్రాడికి అలాగే అయితే రూమ్మేట్ అర్ధరాత్రి వెళ్లి వార్డెన్ గారి తలుపు కొట్టాడు, అంబులెన్స్ వచ్చింది, కుర్రాడు గట్టెక్కాడు. వాణ్ని వెళ్లగొట్టలేదు. అమ్మానాన్నల్ని పిలిపించి, 14416 టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి వాడి చేత మాట్లాడించారు. అది ప్రభుత్వానిది, ఉచితం, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు.

ఒక్క లోటు. ఈ జాగ్రత్తంతా గేటు లోపలే. సంక్రాంతికి ఇంటికొస్తే కోడిపందేల బరి దగ్గర "కాలేజీకొచ్చావు కదరా, ఒక పెగ్గెయ్యి" అని పోసేది మన బాబాయిలూ మావయ్యలే. 18 నిండనివాడికి మందిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏడేళ్ల దాకా జైలని వాళ్లలో ఎంతమందికి తెలుసు? పండగ సెలవులకి పంపేముందు ఇంకో మీటింగ్ పెట్టండి సార్, మా బావమరిదిని కూడా వెంటబెట్టుకొస్తా.