బేర్‌హాక్: పాలమూరు ఎండలో ఎంత మోస్తుంది?

బాబ్ బారోస్ డిజైన్ చేసిన ఈ నాలుగు సీట్ల విమానం ఇంట్లో కట్టుకునే వాటిలో మంచి మోతగాడు. 4130 క్రోమోలీ అనే గట్టి మిశ్రమ ఉక్కు గొట్టాలను వెల్డ్ చేసిన బాడీ, దానిపై గుడ్డ, రెక్కలకు అల్యూమినియం రేకు. ముందు రెండు పెద్ద చక్రాలు, తోకకు చిన్నది.

బరువు హద్దు 2,500 పౌన్లు, అంటే 1,134 కిలోలు. ఖాళీ బరువు 635 వచ్చిందనుకుంటే మిగిలేది 499. 50 గ్యాలన్ల ఇంధనానికి 136 తీసేస్తే 363. మనిషికి 80 చొప్పున నలుగురికి 320, సామానుకు 43 కిలోలు. కాగితం మీద భేషుగ్గా ఉంది.

మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తు. మే నెలలో 42 డిగ్రీలకు గాలి ఎంత పలచబడుతుందంటే, విమానానికి అది 5,200 అడుగుల (సుమారు 1,585 మీటర్ల) ఎత్తులో ఉన్నట్టే లెక్క. 180 హార్స్‌పవర్ ఇంజన్ 150 దాటి పెద్దగా ఇవ్వదు, రెక్కకూ పట్టు తగ్గుతుంది. అందుకే ఎండాకాలం ముగ్గురు, సగం ట్యాంకు, పొద్దున ఏడింటిలోపు. నలుగురూ తప్పదంటే ఇంకా శక్తి ఉన్న లైకమింగ్ కంపెనీ పెద్ద ఓ-540 ఇంజన్ వేయించండి. కాకపోతే ముక్కు బరువెక్కుతుంది, బ్యాలెన్స్ మళ్లీ తూచి చూడాలి.

ఈ వేడిలో మిక్చర్ (గాలిలో కలిసే ఇంధనం పాలు) ఫుల్ రిచ్‌లో, అంటే ఇంధనం బాగా ఎక్కువగా, ఉంచి లేపితే ఉన్న శక్తి కూడా పోతుంది. ఫిక్స్‌డ్ (రెక్కల కోణం మారని) ప్రొపెల్లర్ అయితే, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం గరిష్ఠానికి చేరేదాకా లీన్ చేయాలి, అంటే ఇంధనం పాలు తగ్గించాలి. ఆ పని శుభ్రమైన గట్టినేల మీదే చేయండి. మొరం మీద నిలబెట్టి థ్రాటిల్ ఇస్తే రాళ్లు లేచి ప్రొపెల్లర్ అంచును చెక్కేస్తాయి. చెలకల్లో సర్కారు తుమ్మ ముళ్లు టైర్లకు శత్రువులు, స్పేర్ ట్యూబు వెంట ఉండాల్సిందే. వాన పడ్డ నల్లరేగడిలో మాత్రం అసలు దిగొద్దు: బంకమట్టి చక్రాలను పట్టేస్తే తోక లేచి ముక్కు నేలకు కొడుతుంది.

కట్టేటప్పుడు ఎక్కువగా చెడేది గుడ్డ. దాన్ని ఇస్త్రీ వేడితో ముడుచుకునేలా చేసి బిగిస్తారు. ఇస్త్రీపెట్టె డయల్‌ను నమ్మకుండా థర్మామీటర్‌తో సరిచూసుకొని 121, 149, 177 డిగ్రీల్లో విడతలుగా బిగించాలి. చివరి విడతలో వేడి మితిమీరితే బిగువు సడలిపోతుంది, మళ్లీ మొదటి నుంచి గుడ్డ వేయాలి.

బంకు పెట్రోల్ పోయొద్దు. అందులోని ఇథనాల్ రబ్బరు సీళ్లను తినేస్తుంది, ఎండలో లైన్లలో ఆవిరి పట్టి ఇంజన్ ఆగొచ్చు. ఏవ్‌గ్యాస్ (విమాన పెట్రోల్) ఎక్కడినుంచి తెస్తారో, పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ అనుమతి ఎలా వస్తుందో తేలాకే కిట్‌కు డబ్బు కట్టండి.