4711 కొలోన్: గడ్డం గీసుకున్నాక అరచేతిలో పోసుకునే సెంటు

"ఎన్ని గంటలుంటుంది అన్నా?" నేను జర్మనీలో, అదీ కొలోన్ నగరంలో ఉంటున్నానని తెలిసి 4711 సీసా తెమ్మనేవాళ్లు ముందు అడిగేది ఇదే. గంట, మహా అయితే గంటన్నర అని చెబుతాను. చలికాలంలో స్వెటర్ మీదైతే ఇంకాస్త. అది విని సగం మంది "వద్దులే" అంటారు. గల్ఫ్ నుంచి వచ్చిన సెంటు చొక్కా ఉతికినా వదలని ఇళ్లలో పెరిగినవాళ్లం. గంటలో పోయేదానికి డబ్బులెందుకు అనిపించడంలో తప్పేమీ లేదు. కానీ ఇది ఆ జాతి సరుకు కాదు. రోజూ గడ్డం గీసుకునే మగవాడికి ఇంత హాయినిచ్చే సెంటు నా చేతికి ఇంకోటి తగల్లేదు.

ముందు వాసన సంగతి. మూత తీయగానే దబ్బపండు తొక్కను గోటితో గిల్లినప్పుడు కళ్లలోకి చిమ్మే ఘాటు ఉంటుందే, అది. నిమ్మ, నారింజ, వాటితోపాటు ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలో పండే బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు. ఐదు నిమిషాలకు ఆ పులుపు తగ్గి, కాస్త చేదుగా, పచ్చిగా ఒక వాసన పైకి వస్తుంది. నాకు అసలు ఇష్టం ఇక్కడినుంచే. చేదు నారింజ చెట్టు ఒక్కటే సెంటు తయారుచేసేవాళ్లకు మూడు రకాల నూనెలిస్తుంది. పండు తొక్క నుంచి ఒకటి, పువ్వు నుంచి నెరోలి, ఆకులూ లేత రెమ్మల నుంచి పెటిగ్రెయిన్. 4711లో ఆ పువ్వూ ఆకూ రెండూ తెలుస్తాయి. వాటి వెనక లావెండర్, రోజ్‌మేరీ. చివరికి చర్మం మీద మిగిలేది ఇప్పుడే స్నానం చేసి వచ్చిన మనిషి దగ్గరుండే శుభ్రమైన వాసన, అంతే.

త్వరగా పోవడానికి కారణం నాసిరకం కావడం కాదు. నిమ్మజాతి నూనెలు తేలికైనవి, గాలి తగిలితే ఎగిరిపోతాయి. పైగా కొలోన్ అనే రకంలోనే సుగంధ నూనెల వాటా నూటికి 2 నుంచి 5 దాకా ఉంటుంది, మిగతాదంతా ఆల్కహాలూ నీళ్లూ. అందుకే దీన్ని పొదుపుగా వాడితే ఏమీ దక్కదు. మణికట్టు మీద రెండు చుక్కలు వేసుకుని "ఏదీ, వాసనే లేదు" అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఎలా వాడాలో నేను నేర్చుకున్నది ఈ ఊళ్లోని కోయిప్‌స్ట్రాసెలో, ఒక టర్కీ సెలూన్‌లో. ఆ వీధి నిండా టర్కీ దుకాణాలే. అక్కడి ఆయన వాడేది 4711 కాదు, వాళ్ల దేశపు నిమ్మ కొలోన్యా, 80 శాతం ఆల్కహాలు ఉండే రకం. కత్తి పని అయ్యాక సీసా వంచి గుంటగా పట్టిన అరచేతి నిండా పోస్తాడు. రెండు చేతులూ ఒక్కసారి రుద్ది, ముందు బుగ్గల మీద తడతాడు, తర్వాత గవద కింద, ఆఖర్న మెడ వెనక గట్టిగా రాస్తాడు. మిగిలిన తడితో నా చేతులు కూడా తుడుచుకోమంటాడు. చురుక్కుమంటుంది. ఆ చురుకు పోయేలోపే చల్లదనం వచ్చేస్తుంది, ఆల్కహాలు ఆవిరవుతూ చర్మం మీది వేడిని లాక్కుపోతుంది కదా. ఇంటికొచ్చి 4711ను కూడా అలాగే వాడటం మొదలుపెట్టాను. అప్పటిదాకా స్ప్రే కొట్టుకుంటూ ఉన్నందుకు ఈ సెంటు గొప్పతనం సగమే తెలిసింది. కాబట్టి కొనేవాళ్లు స్ప్రే కాకుండా వంచి పోసుకునే సీసా తీసుకోండి.

బ్లేడు కోసుకుని ఉంటే మాత్రం మన సెలూన్లలో చేసినట్టే ముందు పటిక రుద్దండి, ఆరనివ్వండి, తర్వాత కొలోన్. పొడి చర్మమైతే పైన కాస్త క్రీమ్ తప్పదు. ఇంకోటి, ఇది మండే ద్రవం. రాసుకున్న వెంటనే దీపం వెలిగించడానికో, గ్యాస్ పొయ్యి దగ్గరికో వెళ్లకండి. పూర్తిగా ఆరనిచ్చి వెళ్లండి.

మే నెలలో బెజవాడ వచ్చినప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలిసింది. ఆ ఉక్కలో ఘాటు సెంట్లు చెమటతో కలిసి పక్కవాళ్లకు తలనొప్పి తెస్తాయి. 4711ను మధ్యాహ్నం ముఖం కడుక్కుని మళ్లీ మెడకు రాసుకున్నా ఎవరూ ముక్కు చిట్లించలేదు. జేబురుమాలు మీద కూడా పోసుకునేవాణ్ణి, తెల్ల చొక్కాకు మరక అంటలేదు.

ఇది మగవాళ్లదేనా అంటే, కాదు. మా ఆఫీసులో ఒకావిడ వాసన చూడగానే "మా అమ్మమ్మ హ్యాండ్‌బ్యాగ్" అంది. జర్మనీలో చాలామందికి ఇది పాతతరం ఆడవాళ్ల సెంటు. నాకదేమీ అడ్డు కాలేదు. గీసిన గడ్డం మీద, షేవింగ్ సబ్బు వాసనతో కలిస్తే ఇది అచ్చం పాత సెలూన్ వాసనే.

ఈ ఊరికి వస్తే గ్లోకెన్‌గాస్సె వీధిలోని వాళ్ల షాపుకు తప్పకుండా వెళ్లండి. 1794లో ఫ్రెంచి సైన్యం ఊళ్లోకి వచ్చాక ఇళ్లకు వరుస నంబర్లు వేశారు. ఈ సెంటు వ్యాపారం మొదలుపెట్టిన విల్హెల్మ్ ములెన్స్ ఇంటికి పడిన నంబరే 4711. లోపల నీళ్లకు బదులు కొలోన్ పారే చిన్న ఫౌంటెన్ ఉంది, పైసా ఇవ్వకుండా చేయి తడుపుకోవచ్చు. అయితే కొలోన్ అనే ఈ రకం సెంటును మొదట చేసింది 4711 వాళ్లు కాదు. 1709లో మొదలైన ఫరీనా వాళ్ల దుకాణం ఇదే ఊళ్లో ఇప్పటికీ నడుస్తోంది. వాళ్లది ఇంకా సున్నితం, ధర బాగా ఎక్కువ. వాసన ఎక్కువసేపు నిలవాలంటే 1916లో పుట్టిన ఆక్వా డి పార్మా కొలోనియా ఉంది, నిజంగా బాగుంటుంది. కానీ ఆ ధరకు అరచేతి నిండా పోసుకోవడానికి నాకు మనసు రాదు.

సీసాను ఎండ తగిలే కిటికీలో పెట్టకండి. వేడికీ వెలుతురుకీ నిమ్మ నూనెలు పాడై ఘాటుగా, మొద్దుగా తయారవుతాయి. మన దగ్గర కొనేటప్పుడు కూడా షాపువాడు అద్దాల అరలో ఎండలో ఉంచిన సీసా ఇస్తే వద్దనండి, లోపలి స్టాకులోంచి తెమ్మనండి. ఎవరైనా తెస్తానంటే పెద్ద సీసానే చెప్పండి, కానీ చెక్-ఇన్ సామానులో పెట్టమనండి. 100 మిల్లీలీటర్లు దాటితే చాలా విమానాశ్రయాల్లో చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు.