కుండీల మొక్కలకి జీవామృతమా, వర్మీ కంపోస్టా, వంటింటి కంపోస్టా?

మిద్దెతోట మొదలుపెట్టినవాళ్లు రెండో నెలలో తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. కొత్త మట్టి బలంతో టమాటా నారు మొదట్లో చకచకా ఎదుగుతుంది. పూత దశకి వచ్చేసరికి అడుగాకులు పసుపెక్కుతాయి. ఇక టెన్షన్ మొదలు. ఒకరు జీవామృతం పోయమంటారు, ఇంకొకరు వర్మీ (వానపాముల ఎరువు) బస్తా తెచ్చుకోమంటారు, మరొకరు వంటింటి తడి చెత్త చాలంటారు. ఇవి తయారుచేసే పద్ధతులు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

జీవామృతం సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే ఎక్కువ గందరగోళం దాని దగ్గరే. పెట్టుబడి లేని ప్రకృతి సేద్యం నేర్పే సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన కొలత ఇదీ: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఆ డ్రమ్ము మొత్తం ఒక ఎకరానికి. అది మొక్కకి తిండి కాదని, నేలలో ఉన్న తిండిని మొక్కకి అందించే సూక్ష్మజీవులని ఆ పద్ధతి వాళ్లే చెప్తారు. పొలంలో వేర్లు లోతుకి పోతాయి, పైన ఆకులు, గడ్డి కప్పిన ఆచ్ఛాదన ఉంటుంది, వానపాములు వస్తాయి, పోయినేటి మోళ్లు చివుకుతూ ఉంటాయి. కుండీలో ఏముంది? నాలుగు దోసిళ్ల ఎర్రమట్టి, పోషకాలు దాదాపు లేని కొబ్బరి పొట్టు. పాలల్లో వేస్తేనే తోడు పెరుగవుతుంది, ఉత్తి నీళ్లల్లో వేస్తే కాదు.

నత్రజని లెక్క చూస్తే విషయం ఇంకా తెలుస్తుంది. పేడ, మూత్రం, పిండి మూడూ కలిపి చూసుకున్నా, ఆ 200 లీటర్లలో ఉండే నత్రజని ఉజ్జాయింపుగా 200 గ్రాములు. అంటే లీటరుకి ఒక గ్రాము. కుండీలకి పదింతల నీళ్లు కలిపి పోస్తాం కాబట్టి, లీటరు పోస్తే మొక్కకి అందేది గ్రాములో పదోవంతు. రెండు కిలోల కాయ ఇచ్చే టమాటా మొక్క తన కాపు కాలంలో సుమారు 5 గ్రాములు లాగుతుంది. పదిహేను రోజులకోసారి పోసుకుంటూ ఆ లెక్క ఎప్పటికి పూరించాలి? జీవామృతం పోసిన మర్నాడే మొక్క కళకళలాడిందనేవాళ్లు ఉన్నారు. ఎండకి వాడిన మొక్కకి లీటరు మంచినీళ్లు పోసినా మర్నాడు కళకళలాడుతుంది.

అందుకే కుండీల విషయంలో నేను మొదట చూసేది ఒక్కటే: ఆ చిన్న మట్టిలోకి మళ్లీ మళ్లీ తిండి ఏది చేరుస్తుంది? ఆ పని చేసేవి రెండు కంపోస్టులే.

వర్మీ కంపోస్ట్ మంచి సరుకు, అందులో సందేహం లేదు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అందులో కనీసం 1 శాతం నత్రజని ఉండాలి. అంటే వంద గ్రాముల గుప్పెడులో ఒక గ్రాము. అంతా ఒక్కసారే అందదు, మెల్లగా వదులుతుంది, మొక్కకి కావాల్సిందీ అదే. వాసన రాదు, అపార్ట్‌మెంట్‌లో ఎవరూ గొడవకి రారు. చిక్కల్లా సరుకు అసలుదా కాదా అన్నదే. ఏ సంచీ మీద చూసినా వర్మీ కంపోస్టనే ఉంటుంది, లోపల సగం జల్లించిన మట్టి ఉన్నా కొన్నవాళ్లకి తెలియదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి రెండు చెంచాలు వేసి కలపండి. కాసేపటికి అడుగున ఇసుక మందంగా పేరుకుంటే ఆ దుకాణం మార్చేయండి. పొడిపొడిగా దుమ్ములా ఉన్నది కూడా వద్దు. చేతిలో పిడికిలి బిగిస్తే ముద్దకట్టి, వేలితో తడితే విడిపోయేంత తడి ఉండాలి.

ఇక వంటింటి కంపోస్ట్. నా ఓటు దీనికే. బలంలో వర్మీ కన్నా గొప్పదని కాదు, ఇంచుమించు సమానం. కానీ లోపల ఏం పడిందో మనకి తెలుసు, ఖర్చు లేదు, పైగా చెత్త బండి ఎక్కేది తగ్గుతుంది. మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. కాకరకాయ చెక్కు, కరివేపాకు రెబ్బలు హైదరాబాద్ చెత్తంతా చేరే జవహర్‌నగర్ డంప్‌యార్డ్ దాకా డీజిల్ ఖర్చుతో ప్రయాణం చేయడంలో అర్థమేముంది?

జనం దీన్ని మధ్యలో వదిలేసేది రెండు కారణాలకే: కంపు, పురుగులు. కంపు వస్తోందంటే తడి ఎక్కువైంది, ఎండుటాకులు తక్కువయ్యాయి. తడి చెత్త ఒక గిన్నెడు వేస్తే ఎండుటాకులు రెండు గిన్నెలు వేసి కలిపితే రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఇక పురుగులు. కంపోస్ట్ డబ్బా మూత తీయగానే బూడిద రంగులో, బియ్యపు గింజకి రెండు మూడింతల పొడవున గుంపుగా కదులుతూ కనిపిస్తే హడలిపోకండి. అవి ఎక్కువగా నల్ల సైనిక ఈగ పిల్లలు. మొక్కల జోలికి రావు, చెత్తని మనకన్నా వేగంగా తినేస్తాయి. నూనె కూరలు, ఉప్పు పట్టిన ఊరగాయ ముక్కలు మాత్రం డబ్బాలో వేయకండి. కంపోస్ట్ తయారయిందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసి కవర్‌లో కట్టి రెండు రోజులు ఉంచండి. విప్పినప్పుడు వెచ్చగా తగిలినా, పుల్లటి వాసన కొట్టినా ఇంకా కాలేదు.

దీనికీ లోటుంది. నలుగురున్న ఇంట్లో నెలంతా పోగేసిన చెత్త చివరికి కొద్ది కిలోలే అవుతుంది. కొత్తగా ముప్పై కుండీలు నింపాలంటే ఎక్కడా సరిపోదు. మొదటిసారి కుండీలు నింపేటప్పుడు వర్మీ గానీ, దొరికితే బాగా చివికిన పశువుల గెత్తం గానీ కొనుక్కుని, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి పైన వేసే గుప్పెడుకి ఇంటిది వాడుకోవడం తేలిక.

వేప పిండి ఎరువుగా కన్నా వేర్లకి పట్టే నులిపురుగుల కోసం మట్టిలో కొంచెం కలుపుకోవచ్చు. అరటి తొక్కల నీళ్లు, బియ్యం కడుగు: పారబోసే బదులు పోయండి, అంతకు మించి ఆశించకండి. ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు, నెయ్యితో చేసే పంచగవ్యకి కూడా జీవామృతం లెక్కే.

మరి జీవామృతం ఎవరికి? ఊళ్లో పెరడు, ఇంట్లో ఆవు, నేల మీద మడి ఉన్నవాళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. మిద్దె మీదైనా దాన్ని కుండీలో కాకుండా కంపోస్ట్ డబ్బాలో ఎండుటాకుల మీద చల్లండి. అక్కడ సూక్ష్మజీవులకి తినడానికి బోలెడంత ఉంది, ఆకులు త్వరగా చివుకుతాయి.

ఇంకొక్క మాట. మాఘ, ఫాల్గుణాల్లో వేప, కానుగ ఆకులు వీధి నిండా రాలతాయి, ఊడ్చి తగలబెడతారు. అప్పుడే నాలుగు గోనెసంచులు నింపి వాన తగలని చోట పెట్టుకోండి. జూలై వచ్చేసరికి తడి చెత్తలో కలపడానికి ఒక్క ఎండుటాకు దొరకదు.