తోకకప్పా, లాంప్రే పిల్లా: నీళ్ల మాట వినేదెవరు?

కోవూరు దగ్గర మడిలో నీళ్లు ఇంకుతుంటే తోకకప్పలకు టెన్షన్ మొదలవుతుంది. గుంట బెత్తెడు లోతుకు తగ్గేసరికి, తోక పూర్తిగా పోకుండానే కాళ్లీడ్చుకుంటూ గట్టెక్కినవాటిని చూశాను. తొందరపడినవి చిన్న కప్పలుగానే బయటపడతాయి.

పాములా పొడుగ్గా, దవడల్లేకుండా ఉండే చేప సముద్ర లాంప్రే. దానికి ఆ హడావిడి లేదు. అట్లాంటిక్‌లో కలిసే నదుల బురదలో, చూపు సరిగా లేని పిల్లగా ఏళ్ల తరబడి పడి ఉంటుంది. రూపం మారాలంటే సుమారు 12 సెంటీమీటర్లు పెరిగి, ఒంట్లో కొవ్వు చేరాలి. ఆపైన చలికాలం పోయి నీళ్లు వేడెక్కాలి. ప్రయోగాల్లో 21 డిగ్రీల దగ్గర ఎక్కువ పిల్లలు మారాయి, 13 దగ్గర తక్కువ.

అసలు తమాషా థైరాయిడ్ హార్మోన్‌ది. కప్పలో అది పెరిగితే రూపం మారుతుంది, లాంప్రేలో పడిపోతే! కళ్లారా చూడాలంటే మాత్రం నా ఓటు తోకకప్పకే; లాంప్రే ఎటూ నెల్లూరు ఎండకు తట్టుకోదు.