ఇల్లు మారేటప్పుడు డీటీహెచ్: ఆపించడమా, అయిపోనివ్వడమా?

కావలిలో ఇల్లు ఖాళీ చేసి ఒంగోల్లో చేరడానికి నెల పైనే పట్టేట్టుంటే కనెక్షన్ తాత్కాలికంగా ఆపించండి. టీవీ, టెలికాం సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనల్లో ఆ వీలుంది: 15 రోజుల ముందే అడగాలి, ఆపేది నెలల లెక్కన. ఏడాది ప్యాక్ కట్టినవాళ్లకు ఇదే లాభం.

వారం పది రోజుల పనికి ఇంత తతంగం దండగ. బ్యాలెన్స్ అయిపోనిచ్చి కొత్తింట్లో రీచార్జ్ చేసుకుంటే సరి. కాకపోతే మిగిలిన డబ్బు రోజుకింతని కరిగిపోతుంది.

ఏది చేసినా అసలు తంటా డిష్‌తోనే. ఉదాహరణకు డీటీహెచ్ కంపెనీ టాటా ప్లే ఉపగ్రహం 83° తూర్పు రేఖాంశం మీదుంది. మనకు దక్షిణాన, 70 డిగ్రీలకు పైగా ఎత్తులో. అంత ఎత్తు కాబట్టి పై బాల్కనీ స్లాబు అడ్డొచ్చినా సిగ్నల్ రాదు. బాక్సు ఆన్ చేశాకే, చానెళ్లు మళ్లీ తెరిచే సంకేతం (రీఫ్రెష్) పంపమని కంపెనీని అడగండి. ఆఫ్‌లో ఉంటే ఆ సంకేతం అందదు.