ముప్పై కిలోమీటర్ల దూరానికి గది తీసుకున్న పాపం

గది కోసం పట్టుబట్టింది నేనే, ముందే ఒప్పుకుంటున్నాను. మా ఆయన శ్రీకాకుళం నుంచి పొద్దున్న కళింగపట్నం వెళ్లి రాత్రికి వచ్చేద్దామన్నారు. పిల్లలేమో "రాత్రి ఉండకపోతే అది టూరెలా అవుద్ది?" అని గొడవ. నాకూ ఒక్క పూటైనా వంటింటి మొహం చూడకూడదనిపించింది. కళింగపట్నం బీచ్ దగ్గర ఫోన్లోనే ఏసీ గది మాట్లాడి, వెయ్యి అడ్వాన్స్ కొట్టేశాను. రెండు రోజులకి ఆటో 2,400. అత్తయ్యతో కలిపి ఐదుగురం.

పొద్దున్నే అరసవల్లి దర్శనం అయిపోయింది. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లు కనబడ్డాక మా అమ్మాయి ఇక దేవుడి దగ్గరికి రానంది. ఆకు నమిలే తాబేలు ముందు అరగంట గొంతుక్కూర్చుంది. అత్తయ్య మాత్రం రెండు ధ్వజస్తంభాలనీ చూసి, రెండింటికీ విడివిడిగా దణ్ణం పెట్టుకున్నారు.

శాలిహుండం బౌద్ధ స్తూపాల కొండ గురించి కాస్త చెప్పాలి. ఊళ్లో ఎవర్నడిగినా "అక్కడేటుందమ్మా, ఇటుకలు" అన్నారు. ఇటుకలే. కానీ మెట్లెక్కి ఆ గుండ్రటి స్తూపాల పక్కన నిలబడితే కింద వంశధార పరుచుకుని ఉంటుంది, గాలి విడవకుండా కొడుతుంది. ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారని చెప్పగానే మావాడు ఆగిపోయాడు. "తెలుగు భాషా దినోత్సవం ఆయనా?" ఆయనేరా, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినాయన, మనూరాయనే. అప్పటిదాకా ఫోన్ వదలనివాడు దాన్ని జేబులో పెట్టుకుని బోర్డులన్నీ చదివాడు. తొమ్మిదిలోపు ఎక్కి దిగిపోండి, తర్వాత రాళ్లు కాలిపోతాయి. నీళ్లు మోసుకెళ్లండి. మా మూడు సీసాలూ సగం దారిలోనే అయిపోయాయి, పైన చుక్క దొరకలేదు.

ఇక గది. ఫోన్లో 2,000 అన్నది, సామాను దించాక 2,600 అయింది. "సీజన్ కదమ్మా." అత్తయ్యకి పరుపు వేస్తే 400. వెనక్కి పోదామంటే అడ్వాన్స్ ఇవ్వరట. సరే అని దిగాం. కుళాయి తిప్పితే ఉప్పునీళ్లు. సబ్బు నురగ రాదు, తల జిడ్డు వదలదు. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. జనరేటర్ మోత వినబడింది, ఫ్యాన్ తిరిగింది, ఏసీ మాత్రం ఉలకలేదు.

కౌంటర్ దగ్గరికెళ్లి అడిగాను, "ఏసీ ఉందన్నారు కదా బాబూ?"

"ఏసీ ఉందమ్మా, కరెంటే లేదు."

ఆ కుర్రాడు వెటకారంగా అనలేదు, అదే ఇంకా మండింది. పన్నెండు దాటినా కరెంటు రాలేదు. దోమలకి పిల్లలిద్దరూ గోక్కుని గోక్కుని ఎర్రబడ్డారు. అత్తయ్య దుప్పటి పట్టుకెళ్లి వరండాలో పరుచుకున్నారు. "మన డాబా మీద పడుకున్నా ఈ గాలి ఊరికే వచ్చీదమ్మా" అన్నారు. మా ఆయన ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. పొద్దున్న బిల్లులో "జనరేటర్ 200" కూడా కలిపారు. అడిగితే ఫ్యాన్ తిరిగింది కదా అన్నారు. మొత్తం 3,200. తీసుకునే ముందు జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా అని ఒక్క ప్రశ్న అడగండి. నేను అడగలేదు.

నిద్ర లేదు కాబట్టి ఐదున్నరకే ఒడ్డుకెళ్లాం. అదొక్కటే గది పుణ్యం. పడవలు ఒడ్డుకి లాగుతున్నారు, వలల్లో కవ్వళ్లు మెరుస్తున్నాయి. పిల్లలు తడిసి ముద్దయ్యారు, మోకాలి దాకానే దిగనిచ్చాను. ఏరు సముద్రంలో కలిసే వైపు అసలు దిగకండి, అక్కడ నీళ్లు కాళ్ల కింద ఇసక లాగేస్తాయి.

తిరుగుదారిలో రోడ్డు పక్కన తాటికాయలు కొట్టే ముసలాయన కనబడ్డాడు. డజను ముంజలు 60 రూపాయలు. తాటాకు దొన్నెలో పోసిచ్చాడు. మా ఆయన రాత్రి నుంచి మొదటిసారి నోరు విప్పింది "ఇంకో డజను కొట్టు తాతా" అనడానికే. అమ్మాయి బొటనవేలితో ముంజ పొడిచి నీళ్లన్నీ గౌను మీద పోసుకుంది. ఐదుగురం మూడు డజన్లు తినీసినాం. పైసా బేరమాడలేదు.

తేలినీలాపురం కూడా చూపించమని మావాడి గొడవ. ఎండాకాలం వెళ్లి ఏం చూస్తాం, కొంగలు వచ్చి గూళ్లు కట్టేది వానలు వెనకబట్టాక. వచ్చే ఆదివారం శ్రీముఖలింగం అనుకున్నాం. పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్లడం, చీకటి పడేలోపు ఇల్లు చేరడం. డాబా మీద పక్కలు తనే వేస్తానని అత్తయ్య అప్పుడే చెప్పేశారు.